వచ్చే వారం సభలో ఏముంది? సీమ అడగాల్సిన మొదటి ప్రశ్న

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. అనంతపురం, కడప వైపు హెచ్చెల్సీ (ఎగువ కాలువ) నీళ్లూ, కర్నూలు పడమటి మండలాలకు ఎల్లెల్సీ (దిగువ కాలువ) నీళ్లూ ఆ డ్యామ్ నుంచే రావాలి. గేటు స్థానంలో స్టాప్‌లాగ్‌లు అనే అడ్డు పలకలు దించి వరదను ఆపే దాకా ఆయకట్టు రైతులకు కంటి మీద కునుకు లేదు. రాష్ట్ర శాసనసభ అంతకు రెండు వారాల ముందు, జులై 22 నుంచి 26 వరకు ఐదు రోజులు కూర్చుని వాయిదా పడింది. మళ్లీ కూర్చున్నది నవంబరు 11న. గేటు ఎందుకు తెగింది, మిగతా 32 గేట్ల సంగతేమిటి, పోయిన నీటి లెక్కేమిటి అని సభలో అడగాలంటే మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఖరీఫ్ పంట ఇంటికి చేరడమో, చేలోనే పోవడమో అయిపోయింది.

ఇందులో నిబంధన మీరినవాళ్లు ఎవరూ లేరు. రాజ్యాంగం 174వ అధికరణం చెప్పేది ఒక్కటే: ఒక సమావేశాల చివరి రోజుకూ తర్వాతి సమావేశాల మొదటి రోజుకూ మధ్య ఆరు నెలలు దాటకూడదు. ఏడాదికి ఎన్ని రోజులు కూర్చోవాలో, ఏ నెలలో కూర్చోవాలో అందులో లేదు. ఆ ఖాళీని ఎవరు నింపుతారన్నదే అసలు సంగతి. సభలో ఎవరు గట్టిగా మాట్లాడారో, ఎవరు వాకౌట్ చేశారో మనం టీవీలో చూసి చర్చించుకుంటాం. సభ ఎప్పుడు కూర్చోవాలి, ఏ రోజు ఏ అంశం, దేని తర్వాత ఏది, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు అన్న నాలుగు నిర్ణయాలూ మైకు ఆన్ కాకముందే అయిపోతాయి. సీమ ప్రజలు, సీమ ఎమ్మెల్యేలు గట్టిగా పట్టుకోవాల్సింది ఆ నాలుగింటినే అని నా వాదన. వచ్చే వారం సభ ముందుకు ఏం రాబోతోందో ప్రభుత్వం ఈ వారమే సభలో నిలబడి చెప్పాలి. మన వైపు నుంచి రావాల్సిన మొదటి డిమాండు అదే.

మన రాష్ట్రంలో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి చూడండి. సమావేశాల మొదటి రోజు గవర్నర్ ప్రసంగమో, సంతాప తీర్మానమో అయ్యాక సభ వాయిదా పడుతుంది. ఆ తర్వాత స్పీకర్ అధ్యక్షతన బీఏసీ, అంటే సభా కార్యక్రమాల సలహా సంఘం, కూర్చుంటుంది. సభా వ్యవహారాల మంత్రి, చీఫ్ విప్, పార్టీల సభాపక్ష నేతలు అందులో ఉంటారు. ఎన్ని రోజులు, ఏ బిల్లులు, ఏ అంశాల మీద స్వల్పకాలిక చర్చ అన్నది అక్కడ తేలుతుంది. 2025 బడ్జెట్ సమావేశాలు ఫిబ్రవరి 24న గవర్నర్ ప్రసంగంతో మొదలయ్యాయి, పనిదినాల లెక్క తేల్చిన బీఏసీ కూడా ఆ రోజే జరిగింది. అంటే సభ మొదలయ్యాక గానీ అది ఎన్నాళ్లు నడుస్తుందో సభ్యులకే తెలియదు. ఆ తర్వాత ఏ రోజు అజెండా ఆ రోజుకు ముందు సాయంత్రం బయటికి రావడం మామూలైపోయింది. మడకశిర నుంచో, ఆదోని నుంచో, జమ్మలమడుగు నుంచో వెలగపూడికి వచ్చిన ఎమ్మెల్యే రాత్రి తొమ్మిదికి అజెండా చూసి, మర్నాడు పొద్దున తొమ్మిదికి ఏ లెక్కలతో మాట్లాడాలి? కలెక్టరేట్ నుంచి అంకెలు తెప్పించుకోవాలన్నా, ఇరిగేషన్ ఎస్ఈతో ఫోన్లో మాట్లాడాలన్నా ఆ పూట ఆఫీసు ఎవరు తెరిచి ఉంచుతారు?

ఆ బీఏసీ గది సీమకు కొత్తదేమీ కాదు. 2019 నుంచి 2024 వరకు సభా వ్యవహారాల మంత్రి డోన్ ఎమ్మెల్యే బుగ్గన రాజేంద్రనాథ్. 2024 నుంచి ఆ బాధ్యత ఉరవకొండ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్‌ది. ఇద్దరూ ఆర్థిక మంత్రులు కూడా. బడ్జెట్ రాసే చేయీ, సభా కార్యక్రమం వేసే చేయీ రెండు ప్రభుత్వాల్లోనూ సీమదే. అయినా పరిస్థితి మారలేదంటే లోపం మనుషుల్లో లేదు, పద్ధతిలో ఉంది.

సమయం పంపకం లెక్క ఒకసారి చేసి చూద్దాం. చర్చకు బీఏసీ నాలుగు గంటలు కేటాయించిందనుకుందాం. అంటే 240 నిమిషాలు. సభ్యుల సంఖ్యను బట్టి పార్టీలకు పంచడం రివాజు. 2024 ఫలితాల ప్రకారం మొత్తం 175లో తెలుగుదేశానికి 135, జనసేనకు 21, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11, బీజేపీకి 8. లెక్క కడితే వరుసగా 185, 29, 15, 11 నిమిషాలు వస్తాయి. ఇక ఉమ్మడి కర్నూలు, అనంతపురం, చిత్తూరు జిల్లాలకు 14 చొప్పున, కడపకు 10, మొత్తం 52 స్థానాలు సీమవి. జనం పంపిన సభ్యుల సంఖ్యను బట్టి చూస్తే 240లో 71 నిమిషాలు సీమ గొంతుకు దక్కాలి. కానీ సమయం ప్రాంతానికి రాదు, పార్టీకి వస్తుంది. పార్టీలో ఎవరు మాట్లాడాలో విప్ రాసే చీటీ తేలుస్తుంది. ప్రాంతాలవారీగా సమయం పంచాలని నేను అడగడం లేదు, అది సభను ముక్కలు చేస్తుంది. అంశం వారం ముందే తెలిస్తే, విషయం తెలిసిన సభ్యుడు తన పేరు చీటీలోకి ఎక్కించుకోగలడు. రాత్రికి రాత్రి తెలిస్తే ఎప్పుడూ మాట్లాడేవాళ్లే మళ్లీ మాట్లాడతారు.

ఇప్పుడు ఒక్క రోజు కార్యక్రమాన్ని దగ్గరగా చూద్దాం. ఉదయం తొమ్మిదికి మొదలై మధ్యాహ్నం ఒకటిన్నరకు ముగిసే సభ అనుకోండి. 270 నిమిషాలు. ప్రశ్నోత్తరాలు 60, జీరో అవర్ 30, పత్రాల సమర్పణ, కమిటీ నివేదికలు కలిపి 10, టీ విరామం 15. మిగిలింది 155. అందులో రెండు బిల్లులు పెట్టారు, ఒక్కోదానికి ముప్పావు గంట. ఇక 65 నిమిషాలు ఉన్నాయి. చివరి అంశంగా 344 నిబంధన కింద రాయలసీమ ప్రాజెక్టులపై స్వల్పకాలిక చర్చ అని రాశారు. మంత్రి జవాబుకు 25 తీసేస్తే సభ్యులకు దక్కేది 40. మనిషికి ఐదు నిమిషాల చొప్పున ఎనిమిది మంది. హంద్రీ-నీవా, గాలేరు-నగరి, వెలిగొండ, తుంగభద్ర కాలువలు, అప్పర్ భద్ర అన్నీ ఆ ఎనిమిది మంది నోటనే రావాలి.

ఇది అంతా సవ్యంగా సాగితే. పొద్దున వాయిదా తీర్మానం మీద గొడవ లేచి ఇరవై నిమిషాలు పోయాయనుకోండి. ప్రశ్నోత్తరాలను కుదించరు, బిల్లులు ఆపరు. ఆ ఇరవై నిమిషాలూ కోసేది చివరి అంశం నుంచే. ఇంకో పావుగంట ఆలస్యమైతే అంశమే జారిపోతుంది. జారింది మర్నాడు తనంతట తాను ముందుకు రాదు, ఎవరో పట్టుబట్టి అజెండాలో మళ్లీ ఎక్కించాలి. అందుకే ఏ అంశం అజెండాలో ఉందన్నది సగం సమాచారం మాత్రమే. ఎన్నో వరుసలో ఉందో చూడాలి. సమావేశాల చివరి రోజు, చివరి వరుసలో పెట్టిన అంశానికి చర్చ దక్కడం కష్టం. కర్నూలులో హైకోర్టు బెంచ్ కోసం శాసనసభ 2024 నవంబరు 21న తీర్మానం చేసింది. అది మంచి పనే. కానీ ఆ సమావేశాలు ముగిసింది 22న. కోస్తా, సీమ నేతలు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి, అంటే 1937 నుంచి నలుగుతున్న విషయానికి మొదటి వారంలో ఒక పూట కేటాయించి ఉంటే న్యాయంగా ఉండేది.

వరుస ఎంత పెద్ద విషయమో కర్నూలు వాళ్లకు 2020లోనే తెలిసి ఉండాలి. ఆ ఏడాది జనవరి 20న పాలనా వికేంద్రీకరణ బిల్లు శాసనసభలో నెగ్గింది. న్యాయ రాజధాని కర్నూలు అన్నది అందులోదే. మర్నాడు అది శాసన మండలికి వెళ్లింది. అక్కడ బిల్లు కంటే ముందు 71వ నిబంధన కింద ప్రభుత్వ విధానాన్ని తిరస్కరించే తీర్మానాన్ని చర్చకు తీసుకున్నారు. ఆ రోజు దానికే సరిపోయింది. 22న బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ఛైర్మన్ ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. బిల్లు మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నా విషయం కాదు, దాని మీద సీమలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఒక సభలో సంఖ్యాబలం లేని ప్రభుత్వాన్ని ఆపడానికి ఓటింగ్ దాకా కూడా వెళ్లనక్కర్లేదనీ, ఏది ముందు తీసుకోవాలన్న నిర్ణయం చాలనీ ఆ రెండు రోజులు చూపించాయి. రెండు పక్షాలూ నిబంధనల పుస్తకం చేత్తో పట్టుకునే పోరాడాయి.

అదే ఏడాది జూన్‌లో జరిగింది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. కోవిడ్ వల్ల మార్చిలో బడ్జెట్ సమావేశాలు జరగలేదు. మొదటి మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్స్ ఇచ్చారు, దాని గడువు జూన్ 30. జూన్ 16, 17 తేదీల్లో రెండే రోజులు సభ పెట్టారు. గవర్నర్ ప్రసంగం, బడ్జెట్, శాఖలవారీ ఖర్చుల పద్దులు, ఖజానా సొమ్ము ఖర్చుకు అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు, వాటితో పాటు రెండోసారి వికేంద్రీకరణ, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లులు, అన్నీ ఆ రెండు రోజుల్లోనే. 17న మండలిలో వికేంద్రీకరణ బిల్లులు ముందు తీసుకోవాలని ప్రభుత్వ పక్షం, ద్రవ్య వినిమయ బిల్లు ముందు తీసుకోవాలని ప్రతిపక్షం పట్టుబట్టాయి. తోపులాట దాకా పోయి, ఏదీ తేలకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది. ద్రవ్య బిల్లును ఆపే అధికారం మండలికి లేదు, కానీ 198వ అధికరణం ప్రకారం దానికి 14 రోజుల గడువు ఉంది. ఆ గడువు తీరితే గానీ రెండు సభలూ ఆమోదించినట్టు లెక్కలోకి రాదు. జూన్ 17కు 14 కలిపితే జులై 1. సరిగ్గా జీతాల రోజు. ఉద్యోగులకు, పింఛనుదారులకు ఆ నెల డబ్బు ఆలస్యంగా పడింది. ఖజానాలో సొమ్ము లేక కాదు, ఖర్చు పెట్టే చట్టం అప్పటికి చేతిలో లేక.

ఇందులో ఎవరిది తప్పు అని వెతికేవాళ్లు వెతకవచ్చు. కార్యక్రమం వేసేవాడి కళ్లతో చూస్తే తప్పు 17న జరగలేదు, రెండు రోజుల సభ అని రాసిన రోజే జరిగింది. తేదీ తప్పితే రాష్ట్రం ఆగిపోయే బిల్లునూ, తగాదా ఖాయమని అందరికీ తెలిసిన బిల్లునూ ఒకే పూట, ఒకే సభలో, చివరి రోజున పెట్టకూడదు. జీతాల బిల్లు ముందు రోజే గట్టెక్కాలి.

ఢిల్లీలోనూ ఇదే పాఠం. విభజన హామీల మీద కేంద్రంపై అవిశ్వాసానికి మన రాష్ట్ర పార్టీలు 2018 మార్చిలో లోక్‌సభలో నోటీసులిచ్చాయి. నిబంధన ప్రకారం 50 మంది సభ్యులు లేచి నిలబడితే స్పీకర్ లెక్కించి అనుమతించాలి, ఆపైన పది రోజుల్లోపు చర్చ పెట్టాలి. సభ అదుపులో లేదు, లెక్కించలేను అని స్పీకర్ రోజూ వాయిదా వేస్తూ పోయారు. ఆ సమావేశాలు అలాగే ముగిశాయి. చర్చ జరిగింది జులై 20న. పది రోజుల గడియారం ఉంది గానీ, దాన్ని తిప్పడం మొదలుపెట్టే గడువు నిబంధనల్లో లేదు. ఆ మార్చిలోనే, 14వ తేదీన, కేంద్ర బడ్జెట్ పద్దులన్నీ చర్చ లేకుండా గిలెటిన్ కింద గంటలోపే ఆమోదం పొందాయి.

గిలెటిన్ సంగతి మన శాసనసభకూ వర్తిస్తుంది. పద్దులు నలభై దాకా ఉంటాయి, వాటికి కేటాయించే రోజులు తక్కువ. చివరి రోజు చెప్పిన గంటకు, చర్చకు రాని పద్దులన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టేస్తారు. కాబట్టి ఏ పద్దు ఏ రోజుకు వస్తుందన్నది బీఏసీలో తేల్చుకోవాలి. భారీ, మధ్యతరహా నీటిపారుదల పద్దు, వ్యవసాయ పద్దు మొదటి రెండు రోజుల్లో రావాలని సీమ ఎమ్మెల్యేలు పార్టీలకు అతీతంగా పట్టుబడితే గిలెటిన్ కత్తి వాటి మీద పడదు.

మంచి వారపు కార్యక్రమం ఎలా వేయాలో సభా సచివాలయాల్లో పని చేసేవాళ్లకు తెలియనిది కాదు. మొదట తేదీ కదలనివి రాసుకుంటారు. సమావేశాలు మొదలైన రోజు నుంచి ఆరు వారాల్లో చట్టంగా మార్చకపోతే ఆర్డినెన్సులు చచ్చిపోతాయి. కాబట్టి వాటి బదులు బిల్లులు ముందు. మార్చి 31లోపు ద్రవ్య వినిమయ బిల్లు చట్టం కావాలి. మండలి ఆ 14 రోజులూ వాడుకుంటుందన్న భయం ఉంటే శాసనసభ మార్చి 15 నాటికే పని ముగించాలి, లేదంటే కొన్ని నెలల ఖర్చుకు ముందస్తు అనుమతి ఇచ్చే ఓటాన్ అకౌంట్ సిద్ధంగా పెట్టుకోవాలి. అందుకే లెక్క ఎప్పుడూ చివరి తేదీ నుంచి వెనక్కి నడుస్తుంది. అలా నడిస్తే బడ్జెట్ ఏ రోజు పెట్టాలో దానంతట అదే తేలుతుంది.

తర్వాత చూడాల్సింది మంత్రుల లభ్యత. శాసనసభ, మండలి ఒకే వేళ కూర్చుంటాయి. జలవనరుల మంత్రి ఇక్కడ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన గంటలోనే అక్కడ బిల్లు పెట్టాల్సి వస్తే ఒకచోట అంశం వాయిదా పడుతుంది. రెండు సభల అజెండాలూ పక్కపక్కన పెట్టుకుని సరిచూసే పని ముందు రోజు సాయంత్రం జరిగితే ఇలాంటి ఢీకొట్టులు తప్పుతాయి. లోక్‌సభలో శాఖలను ఐదు గుంపులు చేసి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో రోజు ఒక్కో గుంపుకు కేటాయిస్తారు, ఏ మంత్రి ఏ రోజు ప్రశ్నలకు నిలబడాలో సమావేశాలకు ముందే తెలిసిపోతుంది.

ఆ తర్వాత బిల్లు ప్రతులు. లోక్‌సభలో స్పీకర్ ఆదేశాల ప్రకారం బిల్లు ప్రవేశపెట్టడానికి మంత్రి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రవేశపెట్టే రోజుకు కనీసం రెండు రోజుల ముందు ప్రతులు సభ్యులకు అందాలి. స్పీకర్ సడలించవచ్చు, సడలిస్తూనే ఉన్నారు కూడా. పొద్దున ప్రతి ఇచ్చి మధ్యాహ్నం ఆమోదించమంటే సవరణ ఇచ్చే అవకాశమే ఉండదు. సవరణ లేని చర్చలో సభ్యుడు చేయగలిగేది ఉపన్యాసం మాత్రమే.

ఇవన్నీ అమిరాక వారంలో ఒక పూటను ఖాళీగా ఉంచాలి. గేటు కొట్టుకుపోవడం, పంట బీమా జాబితా తప్పుల తడకగా రావడం, తుపాను, ఇలాంటివి ముందే చెప్పి రావు. ఆ పూట అవసరం పడకపోతే వాయిదా పడ్డ అంశాన్ని అక్కడికి తేవచ్చు. ఖాళీ లేని కార్యక్రమం మొదటి గొడవకే కుప్పకూలుతుంది.

ఇక ప్రకటన. లోక్‌సభలో ప్రతి వారం చివర సభా వ్యవహారాల మంత్రి లేచి, వచ్చే వారం ప్రభుత్వం తేబోయే పనుల జాబితా చదువుతారు. అప్పుడు సభ్యులు లేచి, ఫలానా అంశం కూడా చేర్చండి అని అడగవచ్చు. బ్రిటన్ కామన్స్ సభలో ప్రతి గురువారం సభా నాయకుడు ఇదే పని చేసి, గంట సేపు ప్రశ్నలకు జవాబులు చెబుతారు. మన శాసనసభ మూడు నాలుగు రోజుల ముచ్చటగా జరిగినప్పుడు వారపు ప్రకటన కుదరకపోవచ్చు. అలాంటప్పుడు బీఏసీని సమావేశాలకు వారం ముందు పెట్టి, దాని నిర్ణయాలను అదే రోజు శాసనసభ వెబ్‌సైటులో పెట్టాలి. దీనికి చట్టం మార్చనక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

ప్రభుత్వానికి వెసులుబాటు ఉండాలి, రాజకీయం రోజుకో మలుపు తిరుగుతుంది, ముందే చెబితే ప్రతిపక్షం గొడవకు సిద్ధమై వస్తుంది అనే వాదన ఒకటి ఉంది. మొదటి భాగంతో నాకు పేచీ లేదు. మార్పు అవసరమైతే మార్చండి, ఏం మార్చారో ఎందుకో సభలో ఒక వాక్యం చెప్పండి. రెండోదాన్ని మాత్రం ఒప్పుకోలేను. ప్రతిపక్షం సిద్ధపడి రావడమే కదా సభకు కావాల్సింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆఫీసులు గుడారాల్లో నడుస్తుండగా, 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై ప్రకాశం ప్రభుత్వం మీద అవిశ్వాసం చర్చకు వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఓడిపోయే ప్రమాదం ఉందని తెలిసీ ఆ అంశానికి తేదీ ఇచ్చారు.

సీమ కోసం ప్రత్యేకంగా అడగాల్సింది వానాకాలం సమావేశాలకు ఖాయమైన నెల. తుంగభద్ర, శ్రీశైలం నీటి పంపకాల నిర్ణయాలు జులై నుంచి సెప్టెంబరు మధ్యే జరుగుతాయి. వేరుశనగ విత్తనం పడిందో లేదో, పడ్డది మొలిచిందో ఎండిందో ఆగస్టుకల్లా తేలిపోతుంది. ఏటా ఆగస్టు రెండో వారంలో సభ ఉంటుందని ముందే ఖాయం చేస్తే కరువు మండలాల ప్రకటన మీద చర్చ కరువు ఉన్నప్పుడే జరుగుతుంది.

రైతు సంఘాలు, బార్ అసోసియేషన్లు, విద్యార్థి సంఘాలు ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సభ మొదలయ్యాక అందుతాయి, అప్పటికి చేయగలిగేది జీరో అవర్లో ఒక నిమిషం ప్రస్తావన. లోక్‌సభలో నక్షత్ర ప్రశ్నకు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నకు, పదిహేను పూర్తి రోజుల ముందు నోటీసు కావాలి. రోజుకు ఇరవై ప్రశ్నలు లాటరీలో ఎంపికవుతాయి, గంటలో మొదటి ఐదారింటికే నోటి జవాబు దక్కుతుంది. కాబట్టి ఎంపీకి ఇచ్చే కాగితం సమావేశాల తేదీలు ప్రకటించిన రోజే చేరాలి. అందులో పేజీలకు పేజీల చరిత్ర వద్దు. ఏ శాఖ, ఆ శాఖకు ఏ వారం, ఏ ప్రాజెక్టు, ఏ ప్యాకేజీ, ఎన్ని కోట్లు మంజూరై ఎన్ని ఖర్చయ్యాయన్న ప్రశ్న, ఇంతే. ఎమ్మెల్యేకు ఇచ్చే కాగితంలో ఇంకో వాక్యం కలపాలి: ఈ అంశాన్ని 344 కింద, సమావేశాల మొదటి మూడు రోజుల్లో, ప్రశ్నోత్తరాల తర్వాత మొదటి అంశంగా పెట్టించమని మీ సభాపక్ష నేతను బీఏసీకి ముందే అడగండి. ఆ కాగితం ప్రతి ఒకటి సభాపక్ష నేతకూ, ఇంకొకటి స్పీకర్ కార్యాలయానికీ అదే రోజు పోవాలి, అందినట్టు రసీదు తీసుకోవాలి.